గడ్డపూల పండితుడు క్లూసియస్

నంద్యాలలోగాని ఆళ్లగడ్డలోగాని సాయంకాలమున పూలమ్ము వీథికి పోయినవారికి నేలసంపెంగ పరిమళము సోకక మానదు. తెల్లని మొగ్గలతో నిండిన కాడలను కట్టలుగా కట్టి నీళ్లలో నిలిపి యుంచెదరు. పెండ్లిపందిళ్లకును, దేవుని మాలలకును అవి కావలయును. నేలలోని గడ్డనుండి పుట్టి సంపెంగవలె గుబాళించునది గనుక మనవారు దాని కాపేరు పెట్టిరి. ఇంతగా మనదైపోయిన యీ పువ్వు మన దేశమున పుట్టినది కాదు. దాని పుట్టినిల్లు అట్లాంటిక్ మహాసముద్రమున కావలనున్న మెక్సికో దేశము. స్పెయిన్ దేశపు ఓడలలో దాని గడ్డలు ఐరోపాఖండమునకు చేరెను. 1594 వ సంవత్సరమున సెవిల్ నగరపు వైద్యుడైన సైమన్ దె తోవార్ ఒక గడ్డను హాలెండు దేశమందలి యొక వృద్ధపండితునకు పంపెను. ఆ వృద్ధుడు దానిని పరిశీలించి తన గ్రంథమున వర్ణించుటచే ఐరోపాలోని విద్వాంసులకు నేలసంపెంగ యనునది యొకటి కలదని తెలిసెను. ఆ పండితుని పేరు కరోలస్ క్లూసియస్.

నేలసంపెంగ మాట యట్లుండ, లోకము ఆయనను తలంచునది వేఱొక పువ్వు మూలమున. అది ట్యులిప్. వసంతకాలమున హాలెండు దేశమున కనుచూపు మేర ఎఱ్ఱగను, పచ్చగను, ఊదాగను తివాచీలు పఱచినట్లు పూయు ఆ పువ్వును చిత్రములలోనైన చూడనివారుండరు. అదియు గడ్డనుండి పుట్టునదే. గడ్డలనుండి పుట్టు పూలమొక్కలతో ఒక చిక్కు కలదు. పూచుచున్నంత కాలము వానిని చూచి యందఱును ఆనందింతురు. పూలు రాలిన పిమ్మట ఏమి చేయవలెనో కొందఱికే తెలియును. వాడిన మొక్క చచ్చినదని పెఱికి పారవైచువారును, ఎండిన మడిలో ఏమియు లేదని త్రవ్వి వేఱు విత్తనములు చల్లువారును నాడును కలరు, నేడును కలరు. పూలు రాలిన తరువాతనే ఆ మొక్క తన ముఖ్యకార్యమును ప్రారంభించునని ఓపికతో కనిపెట్టి, తాను కనిపెట్టిన దానిని ఊరూరికి ఉత్తరములు వ్రాసి తెలిపిన వారిలో అగ్రగణ్యుడు క్లూసియస్.

ఆయన 1526 వ సంవత్సరము ఫిబ్రవరి 19 వ తేదీని ఆరాస్ పట్టణమున జన్మించెను. ఆ పట్టణము నేడు ఫ్రాన్సు దేశములో నున్నది. ఆనాడు అది నెదర్లాండ్స్ అనబడు రాష్ట్రములలోనిది. తలిదండ్రులు పెట్టిన పేరు షార్ల్ ద లెక్లూజ్. పండితులు తమ పేళ్లను లాటిన్ భాషలోనికి మార్చుకొనుట ఆ కాలపు ఆచారము. అట్లు ఆయన కరోలస్ క్లూసియస్ అయ్యెను. తండ్రి చిన్న జమీందారు. కుమారుడు న్యాయశాస్త్రము చదివి రాజసేవలో ప్రవేశించవలెనని ఆయన కోరిక. కుమారుడును తండ్రి మాట ననుసరించి గెంట్ నగరమునను, లూవెన్ విశ్వవిద్యాలయమునను చదివి 1548 లో న్యాయశాస్త్రపట్టమును పొందెను. తరువాత జర్మనీదేశమునకు పోయి మార్బుర్గ్, విట్టెన్‌బెర్గ్ నగరములందు చదువు సాగించెను. అక్కడనే ఆయన మనస్సు ధర్మశాసనములనుండి ప్రకృతివైపు మరలెను.

1551 లో ఆయన దక్షిణ ఫ్రాన్సులోని మోంపెల్యే నగరమును చేరెను. ఆ నగరము వైద్యవిద్యకు ప్రసిద్ధి. అందు రోండలే అను ఆచార్యుడు నీటిలోని చేపలను గూర్చి గొప్ప గ్రంథమును రచించుచుండెను. క్లూసియస్ ఆయన యింటనే యుండి, ఆ గ్రంథమును మంచి లాటిన్ భాషలో దిద్దుటకు తోడ్పడెను. సముద్రతీరమునందును, కొండచఱియలందును తిరుగుచు ప్రతి మొక్కను కన్నులార చూచి, తాకి, వాసన చూచి, కొలిచి వ్రాసికొను అలవాటు ఆయనకు ఆ దినములలోనే యేర్పడెను. వైద్యము చదివినను ఆయన వైద్యవృత్తిని మాత్రము అవలంబింపలేదు. ఆ కాలమున మొక్కల నెఱుగగోరువారెల్లరు ఏ ఆకు ఏ రోగమునకు పనికివచ్చునో తెలిసికొనుటకే చదివెడివారు. ఏ రోగమునకు పనికిరాకున్నను మొక్కను మొక్కగా ఎఱుగవలెనని కోరుట కొంచెము వింతగానే తోచియుండును.

1564 లో ఫుగ్గర్ అను ధనికవంశమునకు చెందిన యువకునితో ఆయన స్పెయిన్, పోర్చుగల్ దేశములలో సంచరించుటకు బయలుదేరెను. ఆ ప్రయాణమున ఐరోపా పండితులకు తెలియని మొక్కలను సుమారు 200 వఱకు ఆయన సేకరించెను. మనకు ముఖ్యమైన సంగతి వేఱొకటి. ఆ యాత్రలోనే ఆయనకు గోవానగరమున 1563 లో అచ్చయిన యొక పోర్చుగీసు పుస్తకము చిక్కెను. దాని కర్త గార్సియా ద ఓర్తా అను వైద్యుడు. ఓర్తా 1534 లో మన దేశమునకు వచ్చి, అహమ్మదునగరపు నిజాంషా కొలువున వైద్యము చేసి, హిందూదేశపు ఓషధులను గూర్చి ప్రశ్నోత్తరముల రూపమున ఆ గ్రంథమును వ్రాసెను. మిరియాలు, యాలకులు, అల్లము, తమలపాకు, మామిడి మున్నగువాని నన్నిటిని అందు వర్ణించెను. మన పసుపు కొమ్మును గూర్చియు అందు కలదు. క్లూసియస్ ఆ పుస్తకమును చదివి, దానిలోని సంభాషణలను తీసివేసి, సారమును సంగ్రహించి, తాను స్వయముగ పరీక్షించిన సంగతులను కొన్ని చేర్చి, 1567 లో లాటిన్ భాషలో ప్రకటించెను. పోర్చుగీసు పుస్తకము చదువగలవారు కొలదిమందియే గదా! లాటిన్ పుస్తకము ఐరోపా యంతటను వ్యాపించెను. ఎన్నడును హిందూదేశమునకు రాని యీ పండితుని మూలముననే మన సుగంధద్రవ్యముల సరియైన వర్ణన అక్కడి చదువరులలో పెక్కండ్రకు అందెను.

ఆ సంవత్సరమే ఆయన యింట పిడుగు పడెను. నెదర్లాండ్స్ రాష్ట్రములు అప్పుడు స్పెయిన్ రాజు అధీనమున నుండెను. క్రైస్తవమతమున వచ్చిన కొత్త సంస్కరణపక్షమును స్వీకరించినవారిని రాజోద్యోగులు క్రూరముగ దండించుచుండిరి. క్లూసియస్ పినతండ్రి యొకడు ఆ కారణమున సజీవదహనము చేయబడెను. కుటుంబపు ఆస్తి జప్తు చేయబడెను. న్యాయశాస్త్రము చదివిన క్లూసియస్‌నకు ఆ న్యాయము ఎట్లు కనబడెనో మన మూహించుకొనవచ్చును. నాటినుండి జీవితాంతము వఱకు ఆయనకు తనదనదగిన స్థిరాస్తి లేదు. ఆయన పెండ్లియాడలేదు. మెక్లిన్ పట్టణమున బ్రాన్సియన్ అను మిత్రునింట ఆశ్రయము పొంది, ఆ మిత్రుని తోటలో కొన్ని సంవత్సరములు గడపెను.

ట్యులిప్ గడ్డలు ఐరోపాకు వచ్చుట ఆ కాలముననే ప్రారంభమయ్యెను. ఈ పుష్పములు మధ్య ఆసియా కొండనేలలకు చెందినవి. పారసీకులును, తురుష్కులును వానిని మిక్కిలి మక్కువతో పెంచెడివారు. తురుష్కసులతాను రాజధానియైన కాన్‌స్టాంటినోపుల్ నగరమున వానికై ప్రత్యేకముగ తోట లుండెను. 1562 ప్రాంతమున ఆ నగరమునుండి ఆంట్‌వర్ప్ నగరపు వర్తకు నొకనికి గుడ్డల మూటలతోపాటు కొన్ని గడ్డలు వచ్చెను. పాపము, ఆ వర్తకుడు అవి ఎఱ్ఱగడ్డలే యనుకొనెను. కొన్నింటిని నిప్పులమీద కాల్పించి నూనెయు పులికాడియు పోసికొని తినెను. మిగిలిన వానిని క్యాబేజీ మళ్ల నడుమ పాతించెను. వానిని పట్టించుకొన్నవారు లేకపోవుటచే చాలవఱకు చచ్చెను. మెక్లిన్ పట్టణపు తోటల ప్రియుడైన జోరిస్ రై అను వర్తకుడు చూచి మిగిలిన కొలదిగడ్డలను కాపాడెను. ఈ వృత్తాంతమును లోకమునకు తెలిపినవాడు క్లూసియస్సే. ఆయన వర్తకుని వెక్కిరించి ఊరకొనక, తానును కొన్ని గడ్డలను ఒక ఓషధివర్తకునిచే పంచదారపాకమున వేయించి రుచి చూచెను! తిండికి పనికివచ్చునా యని పరీక్షించుట ఆయన ఉద్దేశము. అయినను ట్యులిప్ గడ్డలు అంతగా తినదగినవి కావు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1944–45 చలికాలపు కఱవులో, హాలెండు ప్రజలు వేఱు గతిలేక వానిని తిని ప్రాణములు నిలుపుకొనిరి.

1573 లో మాక్సిమిలియన్ చక్రవర్తి క్లూసియస్‌ను వియన్నా నగరమునకు పిలిపించి తన యుద్యానముల పని నప్పగించెను. ఆ చక్రవర్తుల రాయబారిగా తురుష్కదేశమున నుండి వచ్చిన బుస్బెక్ అను పండితుడు ట్యులిప్ గడ్డలను, విత్తనములను ఆయనకు ఇచ్చెను. ఇక్కడ ఆయన అసలు పరిశ్రమ మొదలయ్యెను. గడ్డలను నాటినచో మఱుసటి వసంతమున పూయును. విత్తనములను చల్లినచో పూలను చూచుటకు ఐదాఱేండ్లు, ఒక్కొకప్పుడు అంతకు మించియు పట్టును. తొలియేట పుట్టునది గడ్డిపోచవంటి ఒక్క ఆకు. అది వేసవికి ఎండిపోవును. మఱుసటి యేట కొంచెము వెడల్పైన ఒక్క ఆకు. ఇట్లు ఏటేట గడ్డ బలిసి, బలము చాలిన పిమ్మటగాని పువ్వు రాదు. వచ్చిన పువ్వు తల్లిపువ్వు రంగుననే యుండునను నియమము లేదు. నడివయస్సు దాటిన మనుష్యుడు, పరుల తోటలో, రేపటి కొలువు స్థిరమో కాదో తెలియని స్థితిలో, విత్తనములు చల్లి ఏండ్ల తరబడి కాచుకొని యుండుట సామాన్యమైన సంగతి కాదు. ముందుగా పూయునవి, నడుమ పూయునవి, ఆలస్యముగ పూయునవి యని ఆయన ట్యులిప్‌లను మూడు తరగతులుగ విభజించెను.

పూచిన తరువాతి పనిని గూర్చి యిక్కడ కొంత వివరింపవలెను. ఆయన జీవితకథ అది లేక అర్థముకాదు. ఎఱ్ఱగడ్డను నిలువున కోసి చూచినచో పొరమీద పొరగా తెల్లని దళసరి రేకు లుండును. అవి నిజమునకు ఆహారమును దాచుకొన్న ఆకులే. వాని నడుమ చిన్న మొలక యుండును. శాస్త్రజ్ఞులు లశునమని పిలుచు గడ్డ యిదియే. ట్యులిప్ గడ్డయు నిట్టిదే. వసంతమున అది తన నిలువ సొమ్మంతయు వెచ్చించి పువ్వును పూయును. పువ్వు వాడునప్పటికి పాతగడ్డ పీల్చివేసిన పిప్పివలె నుండును. దాని ప్రక్కనే కొత్తగడ్డ పుట్టి పెరుగుచుండును. ఆ కొత్తగడ్డకు ఆహారము పంపవలసినవి పచ్చని ఆకులే. కావున పూలు వాడగనే ఆకులు అందముగ లేవని కోసివేసినను, ముడివేసి కట్టినను, కొత్తగడ్డ యెదుగదు. మఱుసటి యేట ఆకులే తప్ప పువ్వు రాదు. వాడిన పూతలను మాత్రము త్రుంచవలెను. లేనిచో బలమంతయు విత్తనములకు పోవును. ఆకులు పసుపువన్నెకు తిరిగి తమంతతాము వాలిపోవునంతవఱకు, అనగా సుమారు ఆఱువారములు, ఓపికపట్టవలెను. తరువాత గడ్డలను గాయము తగులకుండ త్రవ్వి తీసి, మన్ను దులిపి, కుళ్లినవానిని ఏఱివేసి, పిల్లగడ్డలను విడదీసి, గాలి యాడు నీడపట్టున ఆరబెట్టవలెను. వేసవి గడచి చలి ప్రారంభమగువేళ మరల నాటవలెను. పైకి ఎండిన ఉల్లివలె కనబడుచు అటకమీద పడియున్న ఆ నెలలలోనే గడ్డలోపల మఱుసటి యేటి పువ్వు సూక్ష్మరూపమున తయారగుచుండును.

ఈ మర్మము మన ప్రాంతపు రైతులకు మఱియొక రూపమున తెలిసినదే. ఆళ్లగడ్డవైపు పసుపు పండించు రైతు ఆకు ఎండి పడిపోయినగాని కొమ్మును త్రవ్వడు. పచ్చి ఆకుండగా త్రవ్వినచో కొమ్ము ఊరియుండదని ఎఱుగును. విత్తనపుకొమ్ములను ఏఱి నీడను కుప్పపోసి, పైన ఆకులు కప్పి, తొలకరివఱకు కాపాడును. పసుపు కొమ్ము లశునము కాదు, భూమిలో పాకు కాండము. అయినను న్యాయ మొక్కటే. నేలసంపెంగ కాడలను కోసికొన్న పిమ్మట ఆకుజోలికి పోక, గడ్డలను తీయదలచినపుడు నీరు కట్టివేసి, ఆకు పండిన తరువాత త్రవ్వి, పెద్దగడ్డలను నాటుటకు ఏఱి నీడను ఆరబెట్టుదురు. అయితే ట్యులిప్‌ను మాత్రము నంద్యాల మడిలో పెంచబూనుట వ్యర్థప్రయత్నము. ఆ గడ్డకు పూచుటకుముందు మూడునెలల పాటు గట్టి చలి తగులవలెను. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఎండలును, వెచ్చని చలికాలమును గల కుందూనదీతీరమున దానికి ఆ చలి యెక్కడిది? మన దేశమున దాని కనువైన చోటు కాశ్మీరము. శ్రీనగరమున డాల్ సరస్సు దాపున 2007 లో ప్రజలకై తెఱచిన ట్యులిప్ తోట యున్నది.

క్లూసియస్ వియన్నాలో స్థిరపడినట్లే యుండగా 1576 లో చక్రవర్తి మరణించెను. కుమారుడైన రుడాల్ఫ్ చక్రవర్తి తండ్రివలె పరమతసహనము గలవాడు కాడు. క్లూసియస్ కొలువు పోయెను. అయినను ఆయన వియన్నాను వెంటనే విడువక, మిత్రుడైన యొక వైద్యుని యింట నుండి మరి పదేండ్లు గడపెను. ఆల్ప్స్ కొండల నెక్కి అక్కడి మొక్కలను పరిశోధించెను. 1576 లో స్పెయిన్ మొక్కలను గూర్చియు, 1583 లో ఆస్ట్రియా, హంగరీ దేశముల మొక్కలను గూర్చియు గ్రంథములు ప్రకటించెను. పుట్టగొడుగులను గూర్చి శాస్త్రీయముగ వ్రాసిన మొదటివారిలో ఆయన యొకడు. 1588 లో ఆయనకు బెల్జియమునుండి ఒక యధికారి రెండు ఉర్లగడ్డలను పంపెను. అమెరికాఖండమునుండి వచ్చిన ఆ గడ్డ అప్పటికి ఐరోపాలో వింతవస్తువు. క్లూసియస్ దానిని నాటి, పిల్లగడ్డలను మిత్రులకు పంచి, దాని వ్యాప్తికి తోడ్పడెను. నేడు మన వంటయిండ్లలో నున్న ఉర్లగడ్డకును ఆయనకును ఆ మాత్రపు చుట్టఱికము కలదు.

ఆ యేడే ఆయన ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు చేరెను. అప్పటికి అఱువది రెండేండ్లు. హెస్సె ప్రభువిచ్చు కొలది భరణమే ఆధారము. అక్కడ పడిపోయి తుంటియెముక తొలగుటచే ఆయనకు కఱ్ఱల సాయము లేక నడచుట దుర్లభమయ్యెను. కొండలెక్కి మొక్కలను వెదకిన మనుష్యుడు గదిలో కూర్చుండవలసివచ్చెను. మఱియొకడైనచో అంతటితో పని ముగిసినదని యనుకొనెడివాడు. ఆయనకు మాత్రము అప్పుడు హాలెండులోని లైడెన్ నగరమునుండి పిలుపు వచ్చెను. ఆ నగరపు విశ్వవిద్యాలయము 1575 లో స్థాపింపబడినది. 1590 లో అక్కడ ఓషధివనమునకు స్థలము కేటాయించిరి. కాని దానిని తీర్చిదిద్దువారు లేరు. ఆయన స్నేహితురాలును, తోటల యందు ప్రీతి గలదియు నగు మరీ ద బ్రిమ్యో అను రాజవంశస్త్రీ ఆయనకై గట్టిగా సిఫారసు చేసెను. 1593 శరత్కాలమున, 67 ఏండ్ల వయస్సున, క్లూసియస్ తన గడ్డలను, విత్తనములను వెంటగొని లైడెన్ చేరెను.

కుంటివాడైన వృద్ధుడు మళ్లు త్రవ్వలేడు గదా. డెల్ఫ్ట్ పట్టణపు ఓషధివర్తకుడైన డిర్క్ క్లైట్ అను నాతడు ఆయనకు చేతులై పనిచేసెను. ఈ క్లైట్ తేనెటీగల పెంపకమున కూడ నిపుణుడు. పెద్దల పేళ్లు నిలుచును. మన్ను త్రవ్వినవారి పేళ్లు సాధారణముగ నిలువవు. ఇతని పేరు నిలుచుట సంతోషము. సుమారు 35 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు గల చిన్నస్థలమును నాలుగుభాగములు చేసి, సన్నని మళ్లుగా విభజించి, 1594 లో వేయికి పైగా మొక్కలను నాటిరి. ఏ మడిలో ఏ మొక్క యున్నదో జాబితా వ్రాసి యుంచిరి. ఆ జాబితా నేటికిని కలదు. ఓషధులకే యుద్దేశింపబడిన వనమున మందునకు పనికిరాని పూలమొక్కలును చాల చేరెను. క్లూసియస్ రాకచేతనే ఆ మార్పు కలిగెను. ఆ వసంతముననే లైడెన్‌లో ఆయన ట్యులిప్‌లు పూచెను.

ఆ పూలను చూచుటకు జనులు తండోపతండములుగ వచ్చిరి. చూచినవారిలో కొందఱు గడ్డలను కోరిరి. ఆయన ధన మెంత యిత్తుమన్నను ఈయలేదనియు, అందుచే వారు రాత్రివేళ దొంగిలించిరనియు ఒక కథ వాడుకలో నున్నది. ఈ కథలో సగమే నిజము. దొంగతనములు జరిగినమాట వాస్తవము. ఒక్కమాఱు కాదు, పెక్కుమాఱులు జరిగెను. కాని ఆయన లోభియని చెప్పుట అన్యాయము. ఆయనకు వచ్చిన ఉత్తరములు వేయికి పైగా లైడెన్ విశ్వవిద్యాలయమున భద్రముగ నున్నవి. వానిని పరిశీలించినవారికి తెలియునది వేఱు. ఇటలీనుండి హంగరీవఱకు ప్రభువులు, వైద్యులు, సన్న్యాసులు, గృహిణులు ఎందఱో ఆయనతో గడ్డలను, విత్తనములను ఇచ్చిపుచ్చుకొనిరి. శ్రద్ధతో పెంచువారికి ఆయన ఉచితముగనే యిచ్చెడివాడు. పువ్వు పూచిన దినములలో చూచి మురిసి, తరువాత ఎండనో వాననో వదలివేయువారికి ఇచ్చుటకు మాత్రము మనస్సు రాకుండెను. వ్యాపారమునకై కోరువారిని ఆయన దూరముగ నుంచెను.

దొంగలు ఎత్తుకొనిపోయినవి ఆయనకు కేవలము పూలగడ్డలు కావు. విత్తనమునుండి పెంచిన గడ్డ ఒక్కొక్కటి ఐదాఱేండ్ల కృషి. ఏ గడ్డ ఏ దేశమునుండి, ఏ మిత్రుని చేతిమీదుగ వచ్చినదో, ఏయేట ఏ రంగున పూచినదో ఆయన వ్రాసిపెట్టుకొనియుండెను. గడ్డ పోయినచో ఆ చరిత్రయు తెగిపోవును. అఱువదియైదేండ్లు దాటిన వయస్సున, కాళ్లు స్వాధీనములో లేనివాడు, మరల విత్తనము చల్లి పువ్వుకై ఎదురుచూచుట యెట్లు? ఆయన మిక్కిలి ఖేదపడెను. 1598 లో క్లైట్ కూడ మరణించుటతో ఆయన కుడిభుజము తెగినట్లయ్యెను. అయినను తోట నిలిచెను. విచిత్ర మేమనగా, మిత్రులకు ముందుగనే పంచియుండుటచే చాలరకములు నశింపక నిలిచెను. దొంగలు పట్టుకొనిపోయిన గడ్డలును ఊరూర నాటబడి పిల్లలు పెట్టి హాలెండు రాష్ట్రములంతటను వ్యాపించెను.

క్లూసియస్ గమనించిన సంగతులలో ఒకదాని మర్మము మూడువందల సంవత్సరములకు పైగా ఎవరికిని అంతుపట్టలేదు. ఒకేరంగున పూయుచుండిన ట్యులిప్ హఠాత్తుగా ఒక యేట తెల్లని రేకులమీద జ్వాలలవంటి చారలతో అత్యద్భుతముగ పూయును. జనులు అట్టివానికై ఆఱాటపడెడివారు. అట్లు పూచిన గడ్డ క్రమముగ క్షీణించి నశించునని క్లూసియస్ కనిపెట్టి వ్రాసెను. ఆ యందము ఆరోగ్యచిహ్నము కాదు, యజమానునినుండి సెలవు తీసికొను చిహ్నమని ఆయన అభిప్రాయము. పేనుబంకవలన వ్యాపించు వైరస్ అను సూక్ష్మజీవి దానికి కారణమని 1920 తరువాతగాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు. తెలిసియుండినచో హాలెండు వర్తకులు కొందఱు బాగుపడియుందురు. క్లూసియస్ మరణించిన పిమ్మట, 1636–37 చలికాలమున, అట్టి చారల ట్యులిప్‌లకై అక్కడ వెఱ్ఱి పుట్టెను. గడ్డలు నేలలో నుండగనే, చూడకయే, చీటీలమీద చేతులు మాఱుచుండెను. అరుదైన గడ్డ యొకటి మంచి యింటి వెలకు పలికెను. 1637 ఫిబ్రవరిలో కొనువారు హఠాత్తుగా లేకపోవుటచే ధరలు కూలెను.

1601 లో క్లూసియస్ తన జీవితపరిశ్రమ నంతయు చేర్చి అపురూపమైన మొక్కల చరిత్రను ప్రకటించెను. సైమన్ దె తోవార్ పంపిన నేలసంపెంగ అందే చోటు చేసికొనెను. ఆయన దానికి ఇండియా హైసింత్ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. ఆనాటివారు అమెరికాను కూడ ఇండియా యనెడివారు గదా. ఆ పేరువలన తరువాతి పండితులు దానిని మన దేశపు మొక్కయే యనుకొని చాలకాలము భ్రమపడిరి. 1753 లో లిన్నేయస్ అంతటివాడు కూడ దాని జన్మభూమి ఇండియాయని వ్రాసెను.

1602 లో డచ్చి ఈస్టిండియా కంపెనీ స్థాపింపబడినపుడు, ఓడలలో పోవు వైద్యులును ఓషధివర్తకులును తూర్పుదేశములనుండి కొమ్మలను, ఆకులను, కాయలను ఎండబెట్టి తేవలెనని క్లూసియస్ సూచనలు వ్రాసి యిచ్చెను. ఆ కంపెనీ ఓడలు 1605 లో మన మచిలీపట్నపు రేవును చేరెను. ఆ యేడే దూరదేశపు మొక్కలను, జంతువులను గూర్చి ఆయన చివరి పెద్ద గ్రంథము వెలువడెను. అప్పటికి ఆయనకు 79 ఏండ్లు.

చివరిదినములలో కూడ ఉత్తరప్రత్యుత్తరములు ఆగలేదు. ఫ్లోరెన్సు నగరమందలి మాటెయో కాచ్చీని అను మిత్రుని మూలమున ఆయనకు పారసీకమునుండి వచ్చిన యొక చిన్న ట్యులిప్ పరిచయమయ్యెను. దాని రేకులు లోపల తెలుపు, వెలుపల ఎఱుపు. నడుమ ముదురు ఊదారంగు. 1609 వ సంవత్సరము ఏప్రిల్ 4 వ తేదీని, తోటలో గడ్డలు పూతకు వచ్చు ఋతువున, క్లూసియస్ లైడెన్‌లో కన్నుమూసెను. వయస్సు 83. ఆయన తోటలో నాటిన మళ్లను పాత జాబితా ననుసరించి లైడెన్‌వారు మరల నిర్మించి చూపుచున్నారు. ఇంచుమించు రెండువందల సంవత్సరముల తరువాత శాస్త్రజ్ఞులు ఆ పారసీకపు చిన్నట్యులిప్‌నకు ఆయన పేరు పెట్టిరి. క్లూసియస్ ట్యులిప్ హిమాలయముల పడమటి చఱియలలో నేటికిని పూచుచున్నది. వసంతమున కొలదిదినములు వికసించి, ఆకు పండగనే మన్నులోనికి పోయి, తరువాతి మంచుకాలము వఱకు జాడలేక యుండును.